గడ్డిపోచ వేయని ఉదయం

నేను రోయింగ్ కోచ్‌నని చెప్తే బళ్ళారిలో మొదట్లో జనం నవ్వేవాళ్ళు. నల్లా ఎప్పుడొస్తుందా అని బిందెలు వరసబెట్టుకుని కూర్చునే ఊళ్ళో పడవ పందేలు నేర్పుతావా సామీ అని సత్యనారాయణపేటలో మా పక్కింటాయన కనిపించినప్పుడల్లా ఆటపట్టించేవాడు. ఆయనదీ తప్పు కాదు. ఇక్కడ పడవంటే డ్యాములో చేపలు పట్టేవాళ్ళ అరిగోలు ఒక్కటే, వెదురుతో అల్లిన గుండ్రటి పుట్టి. నేను నేర్పే పడవ ఎనిమిది మీటర్ల పొడవుంటుంది, మనిషి నడుమంత వెడల్పు కూడా ఉండదు, ఊపిరి గట్టిగా పీలిస్తే పక్కకు ఒరుగుతుంది.

పదిహేనేళ్ళు సైన్యంలో ఇంజనీర్ల దళంలో ఉండి ఈ ఆట నేర్చుకున్నాను. తిరిగొచ్చాక ఇరవై రెండేళ్ళు ఇక్కడి పిల్లలకు నేర్పాను. గోడకు తగిలించిన సర్టిఫికెట్ల గురించి రాయడానికి నాకు ఓపిక లేదు. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం నేను చేసిన ఒక పెద్ద తప్పు మాత్రం వివరంగా రాస్తాను. మిగతావి మీరే నేర్చుకుంటారు, చచ్చినట్టు.

నేర్చుకున్న పద్ధతి, మానుకున్న మూర్ఖత్వం

నాకు రోయింగ్ నేర్పిన సుబేదార్ బండ మనిషి. మెచ్చుకోలు ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. పారే నీళ్ళ మీద పోటీ పెట్టే ముందు ఒక గడ్డిపోచ వేసి, యాభై మీటర్లు దాని పక్కన నడిచి, ఎన్ని సెకన్లు పట్టిందో పలక మీద రాయమనేవాడు. ప్రతి పడవకూ ముందు వేయాల్సిందే. "నిన్న చూశాం కదా" అంటే చెవి మెలిపెట్టేవాడు. ఇరవై ఏళ్ళ సైనికుడి చెవి మెలిపెట్టడం బాగుండదు గానీ, ఆయన చెప్పింది మాత్రం నిజం.

మూర్ఖత్వం నా సొంతం. పొడుగు పిల్లలే ఈ ఆటకు పనికొస్తారని కొన్నేళ్ళు గట్టిగా నమ్మాను. టేపు పట్టుకుని బడులు తిరిగి చేతులు కొలిచేవాణ్ణి. డ్యాము ఒడ్డున చేపలు పట్టే కుటుంబంలోని హులిగెమ్మ పద్నాలుగేళ్ళప్పుడు నా దగ్గరికొస్తే, పొట్టిదని వెనక్కి పంపేశాను. వారం తర్వాత గాలివానలో డ్యాము నీళ్ళు లేస్తుంటే, అటు ఒడ్డు నుంచి ఒక అరిగోలు సూటిగా మా వైపు రావడం చూశాను. గుండ్రటి పుట్టిని గాలిలో తిన్నగా నడపడం మగవాళ్ళకే చేతకాదు. ఒడ్డుకొచ్చాక చూస్తే హులిగెమ్మ. టేపు జేబులో పెట్టుకుని, రేపటి నుంచి రమ్మన్నాను.

"పొట్టిదాన్నంటిరి కదా సార్," అంది.

"అన్నా. తప్పే. రేపు ఐదుకి రా," అన్నాను.

అవి గనుల రోజులు. హోస్పేట రోడ్డు మీద ఖనిజం లారీలు రాత్రనక పగలనక పోయేవి. మా పడవల షెడ్డు రోడ్డుకు దగ్గర. పొద్దున వెళ్ళేసరికి పడవల మీద ఎర్రటి దుమ్ము పేరుకుని ఉండేది. ఈ పడవలో సీటు రెండు పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది, పట్టాల్లో దుమ్ము పడితే కరకరలాడుతూ ఆగిపోతుంది. అందుకని తుడిచి, కడిగి, నూనె రాసిన తర్వాతే నీళ్ళలోకి దిగేవాళ్ళం. పిల్లలు విసుక్కునేవాళ్ళు. నేను వినిపించుకునేవాణ్ణి కాదు.

ఇద్దరు అమ్మాయిలు, ఒక్క చోటు

రెండో అమ్మాయి సుజాత. రూపనగుడి రైతు తిప్పన్న కూతురు. తిప్పన్నకు కాలువ కింద వరి మడులున్నాయి, గనుల పుణ్యాన లారీలు కూడా చేరాయి. డబ్బున్న ఇంటి పిల్ల, రెండు రోజులకు పారిపోతుంది అనుకున్నాను. అదీ తప్పే. అరచేతుల్లో పొక్కులు పగిలి తెడ్డు పిడికి నెత్తురంటినా గుడ్డ చుట్టుకుని మళ్ళీ ఎక్కేది. తిప్పన్న ముచ్చటపడి మా శిక్షణ శిబిరానికి కొత్త పడవ కొనిచ్చాడు. అది ఒక్కరి పడవ కాదని, అందరూ వంతులవారీగా ఎక్కుతారని ముందే చెప్పాను.

"అట్లనే కానీప్పా. నీళ్ళయినా పడవైనా వంతే మంచిది," అన్నాడు.

ఆ ఏడాది జాతీయ పోటీల్లో ఒంటరి పడవ పందెంలో మా అమ్మాయిలిద్దరే మొదటి రెండు స్థానాల్లో వచ్చారు. ఇద్దరి మధ్య తేడా కంటికి ఆనలేదు. విదేశంలో జరిగే అంతర్జాతీయ జూనియర్ పోటీలకు దేశం తరఫున ఒక్కరే పోవాలి. ఎంపిక చేసేవాళ్ళు భారం నా మీదే వేశారు. మళ్ళీ పోటీ పెట్టు, ముందున్నదాన్ని పంపు అన్నారు. ఇద్దరికీ పద్దెనిమిది నిండబోతున్నాయి. జూనియర్లుగా అదే ఆఖరి ఏడాది, ఇప్పుడు పోనివాళ్ళు ఇక ఎన్నటికీ పోలేరు.

ఆ మంగళవారం

వానాకాలం గాలికి డ్యాములో అలలు లేస్తున్నాయి. అందుకని పోటీని రూపనగుడి దగ్గర పెద్ద కాలువలో పెట్టాను. రెండు కిలోమీటర్లు తిన్నగా ఉండే చోటు అది. గట్టు మీద దూరం రాళ్ళున్నాయి కాబట్టి కొలతకూ ఇబ్బంది లేదు. పక్కపక్కన రెండు పడవలు పట్టవు, నీళ్ళు పారే వైపే, ఒకరి తర్వాత ఒకరు పోవాలి. న్యాయంగా ఉండాలని ఇద్దరికీ ఒకే పడవ ఇచ్చాను, కొత్తది. చీటీ వేస్తే హులిగెమ్మది మొదటి వంతు వచ్చింది.

గడ్డిపోచ వేశాను. యాభై మీటర్లకు వంద సెకన్లు. పలక మీద రాశాను. హులిగెమ్మ ఆరింటికి బయల్దేరి చక్కగా పోయింది. ఆ తర్వాత పడవను ట్రాక్టరు ట్రాలీ మీద గడ్డి పరిచి, మెల్లగా మొదటి రాయి దగ్గరికి వెనక్కి తేవాలి. దానికి గంటకు పైగా పట్టింది. న్యాయం కోసం నేను చేసిన ఏర్పాటే ఆ గంట తేడా తెచ్చిపెట్టింది.

ఆ గంటలో క్రీడల శాఖలో మా పై అధికారి వచ్చాడు. ఆయనకు ఫోటోలంటే ప్రాణం. గట్టు మీద షామియానా, కుర్చీలు, పూలదండలు ముందు రోజే వేయించాడు. తిప్పన్నకు సన్మానం చేయాలన్నాడు. నన్ను పిలిచి దండ చేతికిచ్చాడు. నేను దండ వేసి, నవ్వుతూ ఫోటోకు నిలబడి, తిరిగొచ్చేసరికి సుజాత పడవెక్కి సిద్ధంగా ఉంది. గడ్డిపోచ గుర్తుకు రాలేదు. గుర్తొచ్చింది గానీ ఇంతలో ఏం మారుతుందిలే అనుకున్నానని రాస్తే కొంచెం గౌరవంగా ఉంటుంది. నిజంగా గుర్తే రాలేదు.

సుజాత మూడు సెకన్లు ముందు వచ్చింది. అక్కడికక్కడే పేరు చెప్పేశాను. అధికారి మళ్ళీ ఫోటోలు తీయించాడు.

సాయంత్రం హులిగెమ్మ షెడ్డుకు వచ్చింది. ఏడవలేదు.

"నేను యాడ తప్పు చేసినా సార్? చెప్పండి, దిద్దుకుంటా," అంది.

నాకు ఏ తప్పూ కనిపించలేదు. కోచ్ అన్నవాడు తెలియదు అనకూడదని ఒక పిచ్చి నమ్మకం ఉంటుంది. వెతికి వెతికి ఒకటి పట్టుకొచ్చాను. తను తెడ్డు లాగేటప్పుడు చివర్లో చేతులు కాస్త ముందుగానే తీసేస్తుంది. అరిగోలు నడిపిన చేతుల అలవాటు అది. "తొందరగా తీసేస్తాండావు. పొట్టకు తగిలేదాకా లాగు," అన్నాను.

"సరే సార్," అని వెళ్ళిపోయింది.

మాబుసాబ్ మాట

కాలువ మీద లస్కరు మాబుసాబ్. తూములు ఎత్తడం, దించడం ఆయన పని. పోటీ అయిన తొమ్మిదో రోజు, గట్టు పక్కన టీ తాగుతుంటే ఆయనే మాట కదిపాడు.

"ఆ దినం రెండో పాప ఎళ్ళేటప్పుడు నీళ్ళు జోరు మీద ఉండె కదా సార్."

"జోరేంది?"

"కింద తూము ఎత్తినా కదా. మంగళవారం ఏడింటికి రూపనగుడోళ్ళ వంతు. తిప్పన్న మడులకే పోతాండాయి. కింద ఎత్తితే పైనుంచి నీళ్ళు గుంజుకుంటాయి."

"పోటీ జరుగుతాందని తెలుసు గదప్పా. ఆపాల్సింది."

"షామియానా ఏసినారని వంతు ఆపుతారా సార్? రైతులు నన్నే కాలవలో ఏస్తారు."

ఆయన చెప్పింది సబబే. కాలువలో నీళ్ళు మా కోసం పారడం లేదు, వరి కోసం పారుతున్నాయి. ఆ సంగతి బళ్ళారి జిల్లాలో పుట్టినవాణ్ణి నాకు ఒకరు చెప్పాలా? తర్వాతి మంగళవారం దాకా ఆగలేదు. మరునాడు పొద్దునే మాబుసాబ్‌ను బతిమాలి తూము కాసేపు అదే మేరకు ఎత్తించాను. ఎత్తకముందు గడ్డిపోచకు వంద సెకన్లు పట్టింది. ఎత్తాక తొంభై రెండు. లెక్క కడితే రెండు కిలోమీటర్లకు ఐదారు సెకన్లు కలిసొస్తుంది. సుజాత గెలిచింది మూడు సెకన్లతో.

నోరు మూసుకున్న రోజులు

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. పేరు పైకి వెళ్ళిపోయింది, పేపర్లో ఫోటో వచ్చేసింది, పడవ ఇచ్చిన మనిషి కూతురు, ఇప్పుడు గడ్డిపోచ కథ చెప్తే నవ్వుతారు. ఇట్లా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. భయపడ్డాను, అంతకంటే మంచి మాట దొరకదు.

నాలుగో రోజు డ్యాముకు వెళ్ళాను. గాలి తక్కువగా ఉంది. హులిగెమ్మ ఒక్కతే పాత పడవలో సాధన చేస్తోంది. నేను చెప్పిన తప్పును దిద్దుకుంటోంది. తెడ్డును పొట్టదాకా లాగుతోంది. అది ఆమె ఒంటికి సరిపడని లాగుడు. లాగిన ప్రతిసారీ తెడ్డు నీళ్ళలో ఒక క్షణం ఇరుక్కుంటోంది, పడవ ముక్కు కిందికి దిగి ఆగి మళ్ళీ కదులుతోంది. తనకున్న మంచి విద్యను పన్నెండు రోజులుగా తన చేతులతోనే పాడుచేసుకుంటోంది, నా మాట మీద గౌరవంతో.

ఒడ్డుకు వచ్చి అడిగింది. "ఇప్పుడు బాగుండాదా సార్?"

"బాగలేదు. నువ్వు మొదట చేసిందే సరి. నీలో తప్పు లేదు, తప్పు నాది," అని తూము సంగతి మొత్తం చెప్పాను.

తెడ్డు ఒడ్డున పెట్టింది. తర్వాత, "సుజాతకు చెప్పినారా?" అంది.

"ఇంకా లేదు."

"ముందు దానికి చెప్పాల్సింది సార్. ఊరంతా తిప్పి మొక్కులు తీర్చుకుంటాండారు."

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. గడియారం తప్పు చెప్తే ఒక పోటీ పోతుంది. ఆ తప్పును నిలబెట్టడానికి మనం పిల్లలో లేని లోపాన్ని కనిపెడితే, ఆ పిల్లే పోతుంది. తెలియకపోతే తెలియదని చెప్పండి. పరువు పోదు, పోయినా పర్వాలేదు.

అదే మధ్యాహ్నం అధికారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మొత్తం విని నవ్వాడు.

"సుమ్నే ఊరుకోప్పా. పేరు పైకి పోయింది, ఆయ్తు, అయిపోయింది. గడ్డిపోచ తేలిందని పైవాళ్ళకు రాస్తే నన్ను పిచ్చోడంటారు."

"మళ్ళీ పోటీ పెట్టకపోతే నేను రాస్తాను సార్. పిచ్చివాడని నన్నే అనుకుంటారు."

ఆయన నవ్వు ఆగిపోయింది. "రాస్తే జట్టుతో నువ్వు పోవు. అది చూసుకో."

కోచ్‌నైనప్పటి నుంచి ఒక్కసారైనా నా పిల్లతో ఆ పోటీలకు పోవాలని కలగన్నవాణ్ణి. అయినా సరేనన్నాను.

రూపనగుడిలో

తిప్పన్న ఇంటికి వెళ్ళేసరికి సాయంత్రమైంది. సుజాత గుమ్మం పక్కన నిలబడి వింటోంది. తిప్పన్నకు కోపం వచ్చింది, రాకుండా ఎట్లా ఉంటుంది?

"గెలిచిందని మీరే చెప్తిరి. ఊరందరి ముందు నాకు దండ ఏస్తిరి. ఇప్పుడు కాదంటే నా బిడ్డ మొగం యాడ పెట్టుకోవాలప్పా?"

"తప్పు నాది తిప్పన్నా. సుజాతది కాదు. ఆ దినం ఏడుకి కింద తూము ఎత్తినారు. కాలవ జోరు పెరిగింది. నేను చూసుకోలేదు."

"ఏ తూము?"

"మీ వంతు తూమే."

తిప్పన్న కుర్చీలో వెనక్కి వాలాడు. "అంటే నా మడికి పోయే నీళ్ళే దాన్ని ముందుకి తోసినాయా," అన్నాడు, ఎవరినో అడుగుతున్నట్టు.

అప్పుడు సుజాత లోపలికి వచ్చింది. "నాయనా, నేను మల్ల పోతా. ఓడిపోతే ఓడిపోతా. ఇట్ల పోతే హులిగి కనపడినప్పుడల్లా నేను తల దించుకోవాల."

తిప్పన్న నాతో అన్నాడు. "ఇంకొకరి వంతు నీళ్ళు నా మడికి కట్టుకున్నోణ్ణి కాదు నేను. పందెం పెట్టప్పా. మీ సారుతో నేను మాట్లాడతా."

ఆయన ఏం మాట్లాడాడో తెలియదు. పోటీకి అనుమతి వచ్చింది. జట్టులోంచి నా పేరు మాత్రం పోయింది.

డ్యాములో

నిలకడ నీళ్ళ మీదే పెట్టాలనుకున్నాను. గాలి తగ్గడం కోసం నాలుగు పొద్దులు కాచుకున్నాం. ఐదో రోజు తెల్లవారుజామున నీళ్ళు కదలకుండా ఉన్నాయి. ఈసారి ఇద్దరూ పక్కపక్కనే, రెండుసార్లు, పడవలు మార్చుకుని. షామియానా లేదు, దండలు లేవు. తిప్పన్న ఒడ్డున బండ మీద కూర్చున్నాడు.

మొదటిసారి కొత్త పడవలో హులిగెమ్మ సగం పడవ పొడవు ముందు వచ్చింది. రెండోసారి పాత పడవలో ఇంకా ఎక్కువ తేడాతో ముందు వచ్చింది. సుజాత ఆగలేదు, చివరి తెడ్డు దాకా లాగింది. ఒడ్డుకొచ్చి ముఖం కడుక్కుని నా దగ్గరికి వచ్చింది.

"మంచి పడవలో ఉండి కూడా ఓడినా సార్. ఇంక నాకు అనుమానం లేదు," అంది.

తర్వాత తండ్రి జీపులో కూర్చుని ఏడ్చింది. నేను దగ్గరికి పోలేకపోయాను. ఆ ఏడుపు నేను పెట్టింది. ముందే గెలిచిందని చెప్పకుండా ఉంటే ఆ పిల్ల ఓడిపోయేదే గానీ, చేతికిచ్చింది లాక్కున్నట్టు ఉండేది కాదు. ఇప్పుడు సుజాత సిరుగుప్ప వైపు ఒక బడిలో వ్యాయామం టీచరు. పోటీల్లో ఎవరు గెలిచారో చెప్పే ముందు మూడుసార్లు చూసుకుంటుందని అక్కడి పిల్లలు నాతో చెప్పారు.

అక్కడ జరిగింది

విదేశంలో పోటీలకు ఇంకా రెండు నెలలు ఉన్నాయి. హులిగెమ్మ చేతుల్లోంచి నా తప్పుడు మాటను తీసేయడానికే మొదటి నెల సరిపోయింది. పోయిందనే అనుకున్నాం. ఇంకో కోచ్‌తో విమానం ఎక్కింది. నేను బళ్ళారిలో ఫోను పక్కన కూర్చున్నాను.

మొదటి పందెంలో వెనకబడింది. ఓడినవాళ్ళకు ఇంకో అవకాశంగా పెట్టే పందెంలో మొదటి ఇద్దరూ సెమీఫైనల్‌కు పోతారు. అందులో పద్దెనిమిది వందల మీటర్ల దాకా హులిగెమ్మ రెండో స్థానంలో ఉంది. ఆ తర్వాత ఎడమ తెడ్డు నీళ్ళలో ఇరుక్కుంది. విడిపించుకుని లాగేలోపు పక్క దారిలోని అమ్మాయి దాటిపోయింది. సెకను కూడా తేడా లేదు. మూడో స్థానం.

తిరిగొచ్చిన మర్నాడు డ్యాము దగ్గరికి వచ్చింది. ఊరివాళ్ళు తాసా డప్పులు కొట్టించి ఊరేగించారు, ఇంత దూరం పోయినవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు కదా. నేను మాత్రం అడగాల్సింది అడిగాను.

"ఏమైంది చివర్లో?"

చేతులు ముందుకు చాచి, లాగి చూపించింది. పొట్టకు తగిలేదాకా.

"అది మాన్పించినాను కదమ్మా."

"నేనూ మానిందనే అనుకున్నా సార్. ఊపిరి ఉన్నంతసేపు నాదే వచ్చింది. ఊపిరి అయిపోయినాక మీది వచ్చింది."

కోపంగా అనలేదు. సీటు ఎందుకు ఆగిందో చెప్పినట్టు చెప్పింది. క్షమించమని అడగాలనుకున్నాను, నోరు రాలేదు. ఆమె అంతసేపు ఆగలేదు కూడా. "జూనియర్లకు వయసు అయిపోయింది. పెద్దోళ్ళ పోటీలు ఎప్పుడు సార్?" అంది.

"ఐదు నెలలుండాది."

"అయితే ఊపిరి అయిపోయినాక లాగేది నేర్పించండి. అంతకుముందుది నాకు వచ్చు."

పడవ దించడానికి నేను ఒక చివర పట్టుకున్నాను, ఆమె ఇంకో చివర పట్టుకుంది.